ఢాం అనకుండానే పడిపోయాడు

పొద్దున్నే పక్క వీధిలో పగిలిన పైపు అతికించి, తడిసిన ప్యాంటుతో ఇంటికొచ్చాడు ప్లంబరు. సామాన్ల సంచీ గుమ్మంలో దించాడో లేదో, బుడ్డోడు గోళ్ళు టకటకలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర దబ్బున పక్కకు ఒరిగిపోయాడు.

"చూశావా, నేనింకా ఢాం అనకముందే పడిపోయాడు. వీడి ముందు నాటకాలవాళ్ళు ఎందుకూ పనికిరారు," అన్నాడాయన భార్యతో.

కుట్టుమిషను మీదనుంచి తలెత్తి ఆవిడా నవ్వింది. బుడ్డోడు ఆ ఇంటి కుక్క. వేలు తుపాకీలా చాపి 'ఢాం' అంటే చచ్చినట్టు పడిపోవడం వాడికి ఆయనే నేర్పాడు. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ విద్య చూడాల్సిందే. ఈమధ్య అడక్కుండానే పడిపోతున్నాడని ఆయనకు మహా గర్వం. వీడియోలు తీసి, కొళాయి బాగుచేయించుకునే వాళ్ళందరికీ చూపించేవాడు. నీళ్ళు రావాలి గనక వాళ్ళూ పాపం ఓపిగ్గా చూసేవారు.

కూతురు మాత్రం నవ్వలేదు. చిన్నపిల్లల బడిలో టీచరు ఆ అమ్మాయి. పడిపోయే పిల్లల్నీ, పడిపోయినట్టు నటించే పిల్లల్నీ రోజూ చూస్తుంది.

"నాన్నా, నాలుక నీలంగా ఉంది చూడు. పడినచోటే ఉచ్చ కూడా పోసుకున్నాడు."

"ఊరుకోవే. నటనలో లీనమైపోయాడు."

"మొన్నా ఇదే మాటన్నావు," అంటూ వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి బయల్దేరింది. గొణుక్కుంటూ ఆయనా వెంట నడిచాడు.

పశువుల డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. "గుండెలో ఒక వాల్వు పాడైందండీ. ముందుకెళ్ళాల్సిన రక్తం వెనక్కి కారుతోంది. మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. వాల్వు మార్చగలిగితే మేలు. ఆపరేషన్ జరిగినంతసేపూ గుండె పని మిషను చేస్తుంది. కుక్కలకిది చాలా తక్కువచోట్ల చేస్తారు, మా దగ్గర చేసేవాళ్ళున్నారు. ప్రమాదం లేదని మాత్రం చెప్పను. ఇంతకుముందెప్పుడైనా ఇలా స్పృహ తప్పాడా?"

"లేదండీ, ఇవాళే," అన్నాడాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి ఫోనున్న జేబుమీదికి పోయింది. కూతురు తండ్రివంక చూసి తల దించుకుంది.

ఇంటికి రాగానే ఆపరేషన్ వద్దనేశాడు.

"మూగజీవి. దాని గుండె కొయ్యడమేమిటి? ఉన్నన్నాళ్ళు ఉంటాడు."

"ఊళ్ళో ఎవరింట్లో వాల్వు కారినా, అతుకులెందుకు, మార్చి పారేద్దాం అంటారు కదండీ," అంది భార్య. "మనింటి దగ్గరికొచ్చేసరికి వైరాగ్యం పుట్టుకొచ్చిందా? డబ్బంటారా, నేను దాచింది ఉంది. ఇంకేమిటి మీ బాధ?"

"బాధేం లేదు."

"ఉందమ్మా," అంది కూతురు. "ఆపరేషనంటే మళ్ళీ అడుగుతారు, ఎన్నాళ్ళనుంచి పడిపోతున్నాడని. అప్పుడు నిజం చెప్పాలి. అక్కడ నీ పరువు తియ్యలేక నేనూ నోరు మూసుకున్నాను నాన్నా. వాడికంటే నీ పరువే ఎక్కువైంది నాకు. నా మీద నాకే అసహ్యంగా ఉంది."

భార్య కుట్టుమిషను ఆపేసింది. ఆయన ఫోను తీసి వీడియో పెట్టాడు. బుడ్డోడు తనకోసం పరుగెత్తుకొస్తున్నాడు, కాళ్ళు తడబడుతున్నాయి, ఒక్కసారి తన ముఖంలోకి చూసి ఒరిగిపోతున్నాడు. వెనక వినబడే నవ్వు తనదే, చప్పట్లూ తనవే. సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"వాడి ప్రాణం పోతుంటే చప్పట్లు కొట్టానమ్మా," అన్నాడు.

"నేనూ నవ్వానుగా," అంది భార్య మెల్లగా.

ఆ సాయంత్రం ఒక్కడే డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, పొద్దున తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకుని వీడియోలన్నీ చూపించాడు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకు.

"మిమ్మల్ని చూసిన సంతోషానికే పడిపోతున్నాడండీ. ఆ ఉత్సాహం గుండె తట్టుకోలేకపోతోంది. ఆపరేషన్ అయ్యేదాకా వాడికి మీరు కనబడకండి."

ఆనాటినుంచి చెప్పులు చేత్తో పట్టుకుని, సొంతింట్లోకి దొంగలా పెరటిదారిన వచ్చేవాడు. తలుపేసుకుని వంటింట్లో తినేవాడు. ఆ తలుపు సందులో ముక్కుపెట్టి బుడ్డోడు కుయ్యి కుయ్యిమనేవాడు. సగం తిని, ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకునేవాడు.

ఆపరేషన్ రోజున అందరూ లోపల ఎదురుచూస్తుంటే ఆయన ఆసుపత్రి మెట్లమీదే కూర్చున్నాడు. వాడు గండం గడిచి కళ్ళు తెరిచాక కూడా లోపలికి రాలేదు. నాలుగు రోజులు చూసి, కూతురే బయటికొచ్చింది.

"కొత్త వాల్వు బాగా పనిచేస్తోందట. రా నాన్నా."

"వద్దులేమ్మా. నన్ను చూస్తే మళ్ళీ..."

"చూడనీ. ఇప్పుడు కాస్త సంతోషపడొచ్చని డాక్టరుగారే చెప్పారు."

గుమ్మందాకా వచ్చి, గోడపట్టుకుని నిలబడిపోయాడు. ఛాతీకి కట్టుతో పడుకున్న బుడ్డోడు తల తిప్పి చూశాడు. లేవబోయి, లేవలేక, తోకతో పరుపును టపటపా కొట్టాడు. కళ్ళు మాత్రం ఆయనమీదనుంచి తిప్పలేదు.

ఆయన తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురు భుజంమీద చెయ్యేసింది.

"దగ్గరికెళ్ళు నాన్నా. వాడికి నీ మీద కోపం లేదు."

"అదేనమ్మా నేను తట్టుకోలేకపోతున్నది," అంటూనే లోపలికి నడిచాడు.