దాలయ్య ఎడమ బొటనవేలు

బొబ్బిలిలో నా ఆఫీసు గదికి మధ్యాహ్నం మూడింటికే చీకటి పట్టింది. బయట ముసురు. కరెంటు లేదు. చెమ్మ వాసన కొట్టే ఫైళ్ల మధ్య, కిటికీ పక్కన దాలయ్య కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

దాలయ్య నా కక్షిదారు. పొలం కేసు ఓడిపోయాడు. ముప్పై రోజుల్లో అప్పీలు వేయాలి. నేను మరిచిపోయాను. అడిగినప్పుడల్లా "వేశాను" అన్నాను. ఆ మాట నమ్మే కన్నుమూశాడు. పొలమూ పోయింది. ఇప్పుడు అతని భార్య లక్ష్మణమ్మ నా మీద బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టింది. ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు, నల్లకోటు ఊడేలా ఉంది. సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది నాకు.

వకాలత్ రాయించుకున్న రోజే రెండు మూడు తెల్లకాగితాల మీద కూడా వేలిముద్ర వేయించుకోవడం మాకు మామూలే, ఎప్పుడైనా పనికొస్తాయని. పొద్దున దాలయ్యవి అలాంటివాటిలో ఒకటి తీసి, ముద్రకి పైనున్న ఖాళీలో "నాకు అప్పీలు వద్దు" అని పాత తేదీతో రాసి బీరువాలో పెట్టాను.

ఇప్పుడు తీసి చూస్తే రాత ఉంది. ముద్ర లేదు.

"హరిబాబూ, ఈ కాగితం ఎవరు మార్చారు?"

నా గుమాస్తా గుమ్మంలోంచే చూశాడు. "నానేటి మారుస్తాను బాబూ? బీరువా తాళం మీకాడే ఉన్నాది గదా."

నిజమే. అయినా లక్ష్మణమ్మది వాడి ఊరే. వాడిని టీకి పంపించి గడియ పెట్టాను.

రెండో కాగితం తీశాను. రాస్తున్నాను... ఒక్కో అక్షరం పడుతుంటే కింద ముద్రలో ఒక్కో గీత చెరిగిపోతోంది. గదిలో బురద వాసన. అప్పుడే దమ్ము చేసిన మడి వాసన.

వెనక ఎవరో మెల్లగా అడిగారు.

"బాబూ... అప్పీలు ఏసీసినారా?"

తిరిగి చూడలేదు. "వేశాను దాలయ్యా" అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి.

వాసన పోయింది.

బుర్ర మాత్రం తన పని తాను చేసింది. ఇంకుప్యాడ్ మీద నా ఎడమ బొటనవేలే అద్ది, పొద్దున రాసిన కాగితం మీద నొక్కాను. ఈసారి ముద్ర నిలిచింది. తేడా ఏపాటి తెలుస్తుందోనని వకాలత్ మీది దాలయ్య ముద్ర పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. గీతకి గీత సరిపోయింది.

సంతోషించాను. ఒప్పుకుంటున్నాను, సంతోషమే వేసింది. ఆ సాయంత్రమే కాగితం బార్ కౌన్సిల్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను.

ఇంటికి చెబుదామని ఫోన్ మీద అదే వేలు పెట్టాను. తెరుచుకోలేదు. తుడిచి పెట్టాను. సబ్బుతో కడిగి పెట్టాను...

నాలుగు రోజులుగా కుడిచేతి చూపుడువేలితో తెరుస్తున్నాను. ఇవాళ పొద్దున్నుంచి దానికీ తెరుచుకోవడం లేదు.