చెంపకు ఆనించని తొడుగు

"నిలిచింది," అంది వరాలు, గౌరీశుకి అతని చేతితొడుగు తిరిగిచ్చేస్తూ.

ఆమ్లగది తలుపు ఆ మాట వింటేనే తెరుచుకుంటుంది. ఎవరి తొడుగు వాళ్లు చూసుకోకూడదు. జతమనిషిది తీసుకుని, గాలి ఊది, మూతి బిగించి చెంపకు ఆనించుకోవాలి. ఎంత సన్నని చిల్లైనా చెంపకు తెలుస్తుంది. గాలి నిలిస్తేనే ఆ మాట అనాలి. వరాలు ఆవేళ ఊదనూ లేదు, ఆనించుకోనూ లేదు. కొత్త కోడలి వంట గురించి చెబుతూ చెబుతూ మాట మాత్రం అనేసింది.

లోపల పని మామూలే. క్లోరిన్ ఉన్న ద్రవంలోకి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వదిలి, ఆంటిమొనీ తోడు వేస్తే, క్లోరిన్ తప్పుకుని దాని చోట ఫ్లోరిన్ కూర్చుంటుంది. శీతలి వాయువు దిగుతుంది. తీరం పొడవునా గూడుమేడల ఇళ్లకి చల్లదనమంతా అదే. పాత గొట్టాల్లోంచి కారిపోయేదాన్ని ఎప్పటికప్పుడు నింపకపోతే ముసలాళ్లూ పసివాళ్లూ ఉడికిపోతారు. పని ఆగకుండా చూడ్డానికి పాలకి ఉంది, గొంతు తప్ప ఒళ్లు లేని యంత్ర మేస్త్రీ. తలుపులు తీసేదీ మూసేదీ అదే.

బయటికొచ్చి తొడుగులు కడుగుతుంటే, గౌరీశు తొడుగులో పోసిన నీళ్లు వేలిసందులోంచి ఊరాయి. వరాలు అది చూసింది.

ఈ ఆమ్లం వెంటనే మండదు. నెమ్మదిగా చర్మం దాటి ఎముకలోని సున్నాన్ని తింటుంది. నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వెంటనే చెప్పాలి. కానీ కొత్తవాళ్లకి తొడుగు చూడ్డం నేర్పేది తనే. ఏ మొహంతో చెబుతుంది? తొడుగు ఆరేసి, నిమ్మకు నీరెత్తినట్టు భోజనాల బల్ల దగ్గర కూర్చుంది.

"ఏటక్కా, తినవేటి?" గౌరీశు తన డబ్బాలోంచి నెత్తళ్ల చేపలు ఆమె అన్నంలో వేశాడు. ముద్ద కలపబోయి వేళ్లు విదిలించాడు. "సెయ్యి జివ్వుమంటంది. పొద్దున్న గొట్టం తిప్పినాను, అదేనేమో."

వరాలికి తల కొట్టేసినట్టయింది. తన పరువు కోసం ఇతని చెయ్యి పోగొడుతోందా? ఎంగిలి చేత్తోనే అతని మణికట్టు పట్టుకుని కొళాయి కిందికి లాక్కుపోయింది. బాగా కడిగి, కాల్షియం లేపనం డబ్బా మొత్తం గుమ్మరించింది.

"తొడుక్కి సిల్లుంది తమ్ముడూ. నాను సూడలేదు. సూసినానని అబద్ధమాడినాను. కడిగినప్పుడు తెలిసింది, అప్పుడూ సెప్పలేదు."

గౌరీశు చెయ్యి విడిపించుకుని తనే రుద్దుకున్నాడు. తిట్టినా బాగుండేది అనుకుంది వరాలు.

"వైద్యబండి వస్తోంది," అంది పాలకి. "కారణం తొడుగు లోపమని రాస్తున్నాను. సరేనా?"

"తొడుగుది కాదు. నాది."

"అలాంటి కారణం నా జాబితాలో లేదు. తొడుగు లోపమంటే పని సాగుతుంది."

"అలగ రాయకు. మా మాట నమ్మి తలుపు తియ్యకు."

పాలకి ఈసారి భోజనాల హాలంతా వినబడేలా అడిగింది. "ఈ ఉదయం తొడుగు చెంపకు ఆనించుకున్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ కంచాల్లోకి చూస్తున్నారు. ఆమ్లగదుల తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.