ఎవరూ విడిపోని బీరువా

"ఏమండీ, ఆగండి! అది చివరి పేజీ!"

లైబ్రేరియన్ తలెత్తలేదు. "తెలుసు. నాకు చదవడం వచ్చు."

ఆగమన్నది పుస్తకాల సేల్స్‌మన్. పబ్లిషర్ తరఫున లైబ్రరీలకీ బడులకీ కొత్త పుస్తకాలు తిప్పి చూపించడం అతని ఉద్యోగం. ఈ పిల్లల విభాగానికి రావడం ఇదే మొదలు. బయట వాన. శాంపిల్స్ తడవకూడదని గొడుగు సంచీకి పట్టి, తను నిలువునా తడిసి వచ్చాడు.

"రోబో కథండీ. పది పన్నెండేళ్ల పిల్లలకి ఈమధ్య ఇంత మంచి సైన్స్ ఫిక్షన్ రాలేదు. బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను."

"చివర్లో ఆ అమ్మాయి రోబోని ఆ గ్రహం మీదే వదిలేసి వచ్చేస్తుంది. వద్దు."

"అది చివరి పేజీలోనండీ! అంతకుముందు పుస్తకం పొడుగునా ఇద్దరూ కలిసే ఉంటారు. దాని మాటేమిటి?"

"మీ చొక్కా కారుతోంది. పుస్తకాలకి దూరంగా నిలబడండి."

అతను రెండడుగులు జరిగాడు. ఆమె నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటుంటే మెడ సాచి తలకిందులుగా చదివాడు. 'అట్ట బాగుంది. విడిపోతారు. వద్దు.' దాని పైన: 'అట్ట చాలా బాగుంది. డ్రాగన్ ఎగిరిపోతుంది. వద్దు.' ఆ పైన: 'కాలయంత్రం. తాతయ్య తిరిగి రాడు. వద్దే వద్దు.'

"మీ దగ్గర పాసైన పుస్తకం ఒక్కటైనా ఉందా అండీ?"

ఆమె నీలం రంగు బీరువా చూపించింది. అద్దాల వెనక పుస్తకాలు ముచ్చటగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఎంత దూరం పోయినవాళ్లయినా సరే, చివరికి ఇల్లు చేరతారు.

ఆమెకు పదేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని చదువుతున్న కథలోనూ ఆ రోజే ఎవరో పోయారు. వీడ్కోలు అనే మాట పైకి అంటే చాలు, అది విని గుమ్మంలోకి వచ్చేస్తుందేమోనని అప్పటినుంచీ ఆమెకు భయం. పెద్దయ్యాక తెలివొచ్చింది కానీ భయం మాత్రం పోలేదు.

రెండు నెలలకోసారి రావలసినవాడు, ప్రతి బుధవారం రావడం మొదలుపెట్టాడు.

"మేఘాల మీద బడి కథండీ."

"చివర్లో?"

"అందరూ ఇంటికొస్తారు. పిల్లి కూడా."

"పిల్లి కూడానా?" ఆమె నవ్వేసింది.

ఆ నవ్వు కోసం అతను వారమంతా కొత్త పుస్తకాలు వడపోసేవాడు. తోకచుక్క మీద తప్పిపోయిన కవలలు, అద్దంలో దాక్కున్న రాజ్యం, మాట్లాడే గ్రహాలు. పది చదివితే ఒకటి దొరికేది. అది దొరికిన రోజు ఈల వేసుకుంటూ మెట్లెక్కేవాడు. ఆ ఈల వినగానే ఆమె జుట్టు సరిచేసుకునేది. అడిగితే ఫ్యాను గాలికి చెదిరింది అనేది.

ఒక బుధవారం, అందరూ 'ప్రశ్నల పుట్ట' అని పిలిచే పదకొండేళ్ల పిల్ల, సగం చదివిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

"బాలేదా?" అన్నాడతను.

"బాగానే ఉంది అన్నయ్యా. కానీ ఈ బీరువాలో ఎవరికీ ఏమీ కాదు. డ్రాగన్ నోట్లోకి వెళ్లినా తల దువ్వుకుని బయటికొస్తారు. మేమందరం ఎప్పుడో కనిపెట్టేశాం."

లైబ్రేరియన్ మొహం చిన్నబోయింది. తిరిగొచ్చిన పుస్తకాన్ని బీరువాలో పెట్టింది. తర్వాత, "ఆ రోబో పుస్తకం ఉందా?" అంది మెల్లగా. అతను సంచీలోంచి తీసి ఇచ్చాడు. ప్రశ్నల పుట్ట లాక్కుని పరుగెత్తింది.

అప్పుడు చెప్పాడతను. "నాకు ట్రాన్స్‌ఫర్ అయిందండీ. సోమవారం వెళ్లాలి. ఆరు గంటల ప్రయాణం."

ఆమె స్టాంపు ప్యాడ్ మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. "మంచిది."

"అంతేనా?"

"ఇంకేం చెప్పమంటారు? అలాంటివి నాకు చేతకావు. పని ఉంది, వెళ్లండి."

అతను ఈల వేయకుండా మెట్లు దిగాడు.

శనివారం ప్రశ్నల పుట్ట వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏడ్చావా?" లైబ్రేరియన్ కంగారుగా లేచింది.

"రెండుసార్లు."

"నాదే తప్పమ్మా. ఇచ్చేయ్, ఇలా ఇచ్చేయ్."

ఆ పిల్ల పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. "ఇవ్వను. ఇంకో వారం రాయండి అక్కా. మళ్లీ మొదటినుంచీ చదవాలి."

"మళ్లీ ఏడుస్తావే!"

"ఏడిస్తే ఏడుస్తా. మొదట్లో రోబోకి నవ్వడం నేర్పుతుంది చూడండి, అది కడుపు పట్టుకుని నవ్వేంత బాగుంటుంది. మీకు నచ్చలేదా?"

"నేను... అది చదవలేదు."

"అయ్యో పాపం!" అంది ఆ పిల్ల. వెక్కిరింపు కాదు, నిజంగానే జాలిపడింది.

లైబ్రేరియన్ తేదీ వేసిచ్చింది. విభాగానికి తాళం వేసింది. ఇరవై నిమిషాల్లో పబ్లిషర్ గోడౌన్‌లో, అట్టపెట్టెలకి తాడు కడుతున్న అతని ముందు నిలబడింది. రొప్పుతోంది.

"ఆరు గంటలేగా?"

"ఆరున్నర. టీ తాగడానికి బస్సు ఆపుతాడు."

"సోమవారం మీరు వెళ్తుంటే నేను ఏడుస్తాను. చూసి నవ్వకూడదు."

అతని చేతిలోంచి తాడు జారిపోయింది. "నవ్వనండీ. నేనూ ఏడుస్తానేమో."

"మీరు ఏడవకండి. ఇద్దరం ఏడిస్తే బాగుండదు. రేపు మా ఇంటికి రండి. నాన్నతో మాట్లాడాలి."

"ఏమని?"

"అదీ నేనే చెప్పాలా? అన్ని పుస్తకాలు చదివారు!"

ఆమె నాన్న వాచీలు బాగుచేస్తాడు. ఆదివారం కూడా కంటికి భూతద్దం బిగించుకునే కూర్చున్నాడు. అందులోంచే అబ్బాయిని పైనుంచి కిందికి చూశాడు.

"అబ్బాయ్, నేను వీధి చివరికి పాలకి వెళ్లినా ఇది గుమ్మంలో నిలబడుతుంది. నువ్వేమో అంత దూరం పోతున్నావు. తట్టుకుంటుందంటావా?"

"రోజూ ఫోన్ చేస్తానండీ. ప్రతి ఆదివారం వస్తాను."

"ఆ ఊళ్లో లైబ్రరీ ఉందా?"

"ఉందండీ. పిల్లల విభాగం మాత్రం లేదు."

"లేకపోవడం ఏమిటి?" ఆమె లోపలినుంచి వచ్చేసింది. "అక్కడ పదేళ్ల పిల్లలు ఏం చదువుతున్నారు మరి? ఎవరూ అడగరా?"

నాన్న భూతద్దం తీసేశాడు. "ఇంక నన్నడగాల్సిందేం లేదు అబ్బాయ్. ముహూర్తం చూసుకోండి."

ఆమె మొహం వెలిగింది. మరుక్షణం మసకబారింది. "మరి ఇక్కడి పిల్లలు?"

"వాళ్లకి చెప్పి వెళ్లాలి. అది నువ్వే చెప్పాలి, తప్పదు," అన్నాడు నాన్న.

"చెబుతాను." నాన్న పక్కన కూర్చుంది. "మరి నువ్వు, నాన్నా?"

"నాదేముందే? చెడిపోయిన వాచీలు ఏ ఊళ్లో ఉండవు?"