కోటు లోపలి కుట్టు

"ఈ ఏడు మీ కోటులో పద్యం పెట్టను! ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ పెట్టను!"

ఆ మాట నోరు జారాక గానీ తను ఎంత గట్టిగా అరిచిందో ఆమెకి తెలియలేదు. కాఫీ కప్పు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ భర్త మొహం ఒక్కసారిగా పాలిపోయింది. ఆయన కోప్పడితే బాగుండేది, ఎదురు నాలుగు మాటలని కడుపులో మంట చల్లార్చుకునేది! ఆయన మాత్రం కప్పు మెల్లగా బల్ల మీద పెట్టి, "అలా అనకోయ్... ఈ ఒక్క ఏడూ అలా అనకు," అన్నాడు.

"ఏం? ఈ ఏటికి ఏమొచ్చిందట అంత ప్రత్యేకం?"

ఆయన దగ్గు ఆపుకుంటూ తలుపు తీసి బయటికి నడిచాడు. వీధిలో మనుషుల నోళ్ళలోంచి పొగలు వస్తున్నాయి, అంత చలి! కోటు మాత్రం కుర్చీ వీపు మీదే ఉండిపోయింది. పిలవాలని ఆమెకి నాలుక చివరి దాకా వచ్చింది. పంతం అడ్డొచ్చింది. కిటికీలోంచి చూస్తే, ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, రోజూ వెళ్ళే దారిన కాకుండా ఎడమవైపు బస్సు స్టాపుకి మళ్ళాడు. ఆయన పనిచేసే సోఫాల కార్ఖానా కుడివైపు కదా!

ఆ కోటు కథ చెప్పాలంటే ఇరవై రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఈ దేశం వచ్చిన తొలి చలికాలంలో ఆయన కొనుక్కున్న మొదటి కోటు అది. ఆమెకి బట్టలు ఉతికి ఇచ్చే దుకాణంలో, వచ్చినవాళ్ళ బట్టలు బిగించే, వదులు చేసే పని దొరికింది. అక్కడ ఎవరి బట్టలెవరివో గుర్తుండడానికి తెల్లటి నూలు పట్టీల మీద నెంబర్లు రాస్తారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా! ఊరు కాని ఊళ్ళో మాట్లాడే దిక్కు లేక, ఆ సిరాతోనే ఒక పట్టీ మీద నాలుగు పంక్తులు రాసింది. ఆయన కోటు లైనింగు జానెడు మేర విప్పి, ఎడమవైపు గుండెల దగ్గర పెట్టి, మళ్ళీ కుట్టేసింది. ఆ తర్వాత ఏటా చలికాలం రాగానే ఒకటి. ఛందస్సు లేనిదాన్ని పద్యం అనకూడదండీ అని వందసార్లు చెప్పినా ఆయన పద్యమనే అన్నాడు. చివరికి ఆమె నోటికీ అదే అలవాటైంది. ఆమెని 'కవిగారూ' అని పిలవడమూ అప్పుడే మొదలు.

ఒకటే షరతు. కోటు చిరిగి ఇక పనికిరాని రోజున అన్నీ కలిపి చదువుకోవాలి, అంతదాకా ముట్టుకోకూడదు. "నాకు కవిత్వం ఎక్కడ తెలుస్తుందోయ్, వెచ్చగా ఉంటే చాలు," అని నవ్వేవాడు ఆయన. చూడలేదని ఆమెకి లోపల్లోపల కినుకే! మరి ఆ కోటుని చిరగనిచ్చిందెవరు? ఏటేటా కాలరు తిప్పి కుట్టి, బొత్తాలు మార్చి, మోచేతుల మీద తోలు ముక్కలు వేసి, దాన్ని కొత్త కోటు కంటే గట్టిగా చేసి పెట్టింది ఆమే. చదవలేదని అలగడమూ ఆమే, చదవనివ్వకపోవడమూ ఆమే. ఆడవాళ్ళం, మనకి ఇలాంటివి మామూలే.

నిన్న సాయంత్రం ఈ ఏటి పట్టీ పెడదామని కోటు తిరగేసింది. లైనింగు మీద చెయ్యి ఆగిపోయింది... ఆ కుట్టు తనది కాదు!

తన కుట్టు నిలువుగా, ఆవగింజంత కనబడుతుంది. ఇది ఏటవాలుగా, బిగుతుగా, జానెడు కాదు, చంక నుంచి నడుము దాకా! ఎవరో మొత్తం విప్పి మళ్ళీ కుట్టారు. అదీ అలవాటు లేని చెయ్యి కాదు, నేర్పరి చెయ్యి. తన మాటలన్నీ ఎవరో ఒళ్ళో పోసుకుని చదివారు!

ఇక ఆమె మనసు ఊరుకుంటుందా! మూడు నెలల్లో ఆయన ప్యాంట్లు రెండుసార్లు నడుము దగ్గర బిగించింది. 'ఈ వయసులో సన్నబడాలన్న సరదా ఏమిటండీ?' అని అప్పుడు వేళాకోళం కూడా ఆడింది. వారానికి రెండు రోజులు వేళకాని వేళ ఇంటికి రావడం. చేతులకి ఏదో కొత్త సబ్బు వాసన. ఫోను మోగితే వరండాలోకి వెళ్ళి మాట్లాడడం. కార్ఖానాలో దిండ్ల గలీబులు కుట్టే ఒకామె కొత్తగా చేరిందనీ, చెయ్యి మంచిదనీ ఆయన నోటితోనే ఒకసారి అన్నాడు. అన్నీ ఒక దారానికి గుచ్చినట్టు కుదిరిపోయాయి. తెల్లారేదాకా పెదవి బిగించి, తెల్లారాక ఆ మాట అనేసింది.

పది గంటలకి వదిన వచ్చింది. ఆయనకి అక్కగారు, రెండు వీధుల అవతల ఉంటుంది. వచ్చీ రాగానే కుర్చీ మీద కోటు చూసి, "వాడు కోటు లేకుండా వెళ్ళాడా!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"వెళ్ళారు. వెచ్చదనం మరోచోట దొరుకుతున్నప్పుడు ఈ పాత కోటు ఎందుకు వదినా!" కోటు తెచ్చి వదిన ఒళ్ళో పడేసింది. "చూడండి... ఈ కుట్టు నాది కాదు. ఆ దిండ్లావిడ చెయ్యి ఇది! నా గుండెలో మాటలన్నీ దాని చేత చదివించారు. ఇద్దరూ నవ్వుకునే ఉంటారు..."

వదిన నవ్వలేదు, కసరలేదు. కోటు మడిచి ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది.

"అమ్మాయ్... ఆ కోటు జోలికి పోకే. అలాగే ఉండనీ."

"అంటే మీకు తెలుసన్నమాట!"

"నన్నేమీ అడగకు తల్లీ! తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. మా అమ్మ పోయేటప్పుడు కూడా నేనింత బరువు మోయలేదే..." ఆవిడ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు జారి కోటు మీదే పడుతున్నాయి.

సొంత ఆడపడుచు కూడా ఏడుస్తోందంటే వ్యవహారం ఎంత దూరం పోయిందో! ఇల్లు వదిలి వెళ్ళిపోతారా? పిల్ల ఏమైపోవాలి? ఈ పరాయి దేశంలో తను ఎవరి గుమ్మం తొక్కాలి?

గొడవకి లోపలి గదిలోంచి కూతురు వచ్చింది. కాలేజీలో చదువుకుంటున్న పిల్ల, ఇంకా దువ్వుకోని జుట్టు, చేతిలో పుస్తకం. "ఏమైందమ్మా? అత్తా, ఎందుకేడుస్తున్నావ్?" అంటూ కోటు తీసుకుని లైనింగు మీద వేలు పెట్టి చూసింది. ఆ వేలు అలాగే నడిపించుకుంటూ, పక్కనే ఉన్న సోఫా చేతి మీద పెట్టింది.

"అమ్మా, ఇది నాన్న కుట్టు కదా."

"ఏమిటే నువ్వనేది?"

"చూడు. నా చిన్నప్పుడు ఈ సోఫా చిరిగితే నాన్న వంకర సూదితో కుట్టాడు, దారం నేనే అందించా. ఇలాగే ఏటవాలుగా వేస్తాడు, మూడు కుట్లకొకసారి వెనక్కి లాగుతాడు. నువ్వు... నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

చూడలేదు. రోజూ ఆ సోఫాలోనే కూర్చుని పరాయివాళ్ళ బట్టల కుట్లు భూతద్దం పెట్టి చూసిన మనిషి, తన చెయ్యి ఆనే చోట మొగుడి కుట్టు ఒక్కసారీ చూడలేదు! తన పద్యాలు ఆయన చదవలేదని ఇన్నేళ్ళుగా నొచ్చుకుంది గానీ, ఆయన చేతిరాతలాంటి ఆ కుట్టుని తను చదివిందా?

"విప్పకే అమ్మాయ్!" అంది వదిన. కానీ కత్తెర అప్పటికే లైనింగులోకి దిగింది.

పట్టీలన్నీ వరసగా ఉన్నాయి, ఏ ఏటివి ఆ ఏటివే. అన్నిటికంటే పైన ఉన్నది తొలి చలికాలపుది.

*కొత్త ఊళ్ళో చలికి మన పేర్లు తెలియవు.*
*పేరు పెట్టి పిలిచేది నేనొక్కదాన్నే.*
*సాయంత్రం త్వరగా రా,*
*పిలవడం మరిచిపోతానేమో.*

దాని కింద, కూతురు పుట్టిన ఏటిది. 'ఏ భాషలో ఏడ్చినా ఎత్తుకునేది మనమే' అన్న చివరి పంక్తి కూతురు కూడబలుక్కుంటూ పైకి చదివింది. ఆ కింద, ఆమె తల్లి పోయిన ఏటిది, తను ఊరికి వెళ్ళలేకపోయిన ఏటిది...

*అమ్మ పోయిందని ఫోనులో విన్నాను.*
*పొయ్యి ఆర్పి, మళ్ళీ వెలిగించాను.*
*ఏడవడానికి సెలవు దొరకలేదు,*
*నీ భుజం దొరికింది.*

ఆ పట్టీ మీద ఒక చోట నూలు ముడుచుకుని ఉంది, తడిసి ఆరినట్టు. చదివిన మనిషి ఎవరో ఇప్పుడామెకి తెలుసు. కానీ పట్టీలు ఇరవై రెండుతో ఆగలేదు. అడుగున ఇంకొకటి ఉంది. వెడల్పాటి, ముతక పట్టీ, సోఫాల అడుగున బిగించేది. దాని మీద బాల్‌పెన్నుతో, బడిపిల్లాడి అక్షరాలు.

*కవిగారికి,*
*చిరిగాక చదవమన్నావు. ఆగలేకపోయాను.*
*ఈ కోటు నాకంటే గట్టిది.*
*ఊపిరితిత్తుల్లో ఉందన్నాడు డాక్టరు.*
*చెబితే ఈ ఏడు నువ్వు పద్యం రాయవు, ఏడుస్తావు.*
*నాకు పద్యం కావాలి.*
*ఇరవై రెండూ చదివాను. కొన్ని అర్థం కాలేదు.*
*అర్థం కానిచోట నీ గొంతు వినబడింది.*
*ఇన్నేళ్ళూ ఇంత వేడి ఎక్కడిదా అనుకున్నాను,*
*కోటుది కాదు.*

ఆమె ఏడవలేదు. పట్టీ రెండు చేతులతో పట్టుకుని అలా ఉండిపోయింది. ఆ సబ్బు వాసన ఆసుపత్రిది. ప్యాంట్లు వదులైంది సరదాకి కాదు. ఎడమవైపు బస్సు... 'ఈ ఒక్క ఏడూ అలా అనకు'... అయ్యో, ఆ మాట విన్నాక కూడా ఏమొచ్చిందంత ప్రత్యేకం అని నిలదీసిందే తను! ఆయన కోరుకున్నది ఒక్కటి, నాలుగు పంక్తులు. అవే ఇవ్వనని గుమ్మంలో నిలబెట్టి చెప్పి, చలిలోకి తోలేసింది!

"ఎప్పట్నుంచి వదినా?" అంది చివరికి.

"మూడు నెలలు. కార్ఖానాకి వెళ్ళక మూడు వారాలైంది. మందు ఎక్కించే రోజే ఇది కూడా... రెండున్నరకి వదిలేస్తారు." వదిన ముక్కు తుడుచుకుంది. "ఎంత వరకూ నయమవుతుందో వాళ్ళూ చెప్పలేదే. చూద్దాం అన్నారు."

చూద్దాం. ఎంత చిన్న మాట!

కూతురు తల్లి భుజం మీద మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆమె కూతురి తల నిమిరి, పట్టీలన్నీ ఒక్కొక్కటే దొంతరగా పేర్చి బల్ల సొరుగులో పెట్టింది. లైనింగు గబగబా పైపైన టాకాలు వేసింది. కోటు చంకన పెట్టుకుని, తన శాలువా కప్పుకోవడం కూడా మరిచిపోయి బస్సు స్టాపుకి నడిచింది. అప్పటికి రెండు కూడా కాలేదు. బెంచీ చల్లగా ఉంది. వచ్చిన ప్రతి బస్సుకీ లేచి నిలబడి, ఆయన దిగకపోతే మళ్ళీ కూర్చుంది. అలా ఆరు బస్సులు. ఏడోది వచ్చేసరికి ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంకొకటి చూసి ఆసుపత్రికే వెళ్ళిపోదామనుకుంది.

ఆ ఏడోదానిలోంచి ఆయన దిగాడు. కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ. ఇంత చిక్కిపోయాడా! రోజూ చూసే మనిషిని కూడా ఇలా వీధిలో, దూరం నుంచి చూస్తే గానీ తెలియదు కాబోలు. ఆయన ఆమెనీ, ఆమె చేతిలో కోటునీ, దాని టాకాలనీ చూశాడు.

"విప్పావా?"

"విప్పాను."

"షరతు నేనే ముందు తప్పానులే." నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "కవిగారూ... కోపం పోయిందా?"

"నా కోపం మీద మన్ను పోయ! ముందు ఇది తొడుక్కోండి!" ఒక్కో బొత్తామూ పెట్టింది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు, ఇక ఆగలేదు. "నాకు చెప్పకుండా... ఒక్కరే... అన్నిసార్లు ఆ కుర్చీల్లో ఒక్కరే ఎలా కూర్చున్నారండీ!"

"ఒక్కణ్ణే ఏమిటి? ఇది వేసుకునే కదా వెళ్ళేవాణ్ణి. ఇవాళే... కాస్త చలేసింది."

ఆయన అడగాలా వద్దా అన్నట్టు, "ఈ ఏటిది రాశావా?" అన్నాడు.

"రాస్తాను. ఈసారి లోపల పెట్టి కుట్టను. రేపటి నుంచి ఆసుపత్రిలోనైనా ఇంట్లోనైనా మీ పక్కనే కూర్చుంటాను కదా, చదివి వినిపిస్తాను. అర్థం కాకపోతే మళ్ళీ చదువుతాను."

"రోజుకొకటా?"

"రోజుకొకటి."

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. కోటు ఆయన ఒంటి మీద వేలాడుతోంది. కుట్టుపని చేసే చేతి అలవాటు పోతుందా, ఆమె రెండు పక్కలా గుడ్డని పిడికిళ్ళతో లోపలికి పట్టి చూసింది. వేళ్ళకే లెక్క తెలిసిపోతుంది. ఇటు నాలుగు అంగుళాలు, అటు నాలుగు.

"సాయంత్రం బిగించేస్తాను. గుడ్డ మాత్రం కోయను, లోపలే ఉంచుతాను. మళ్ళీ ఒళ్ళు చేశాక విప్పుకోవద్దూ!"

"ఎంత పట్టాలేమిటి?" అన్నాడు ఆయన మెల్లగా.

"ఎంతో లేదు. ఒక్క అంగుళం."

ఇన్నేళ్ళలో కొలత విషయంలో ఆమె ఎవరికీ అబద్ధం చెప్పలేదు. రోజంతా సోఫాలకి గుడ్డ కొలిచే ఆయనకి అది అబద్ధమని తెలియకుండా ఉంటుందా! అయినా ఆయన తలూపి, "అంగుళమే కదా," అని ఆమె చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచాడు.