కొట్లాట ఎరగని ఇల్లు

వాకిట్లో ఎండుతున్న పసుపు కొమ్ములను తిరగదోస్తూ భూమేశ్వర్ పొద్దున్నే గొణుగుడు మొదలుపెట్టాడు.

"పెండ్లికి గూడ ట్యూషనా? మేము చేస్కోలేదా పెండ్లి? సచ్చిపోయినమా?"

"జర మెల్లగ మాట్లాడు," అంటూ శోభారాణి చాయ్ అందించింది. అంతకు మించి ఆమె మొగుడికి ఏనాడూ ఎదురు చెప్పలేదు.

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి, కాపురం ఎలా చేసుకోవాలో మాట్లాడే పద్ధతి ఉంది. కూతురి పెళ్లి కుదరడంతో, ఆ రోజు అమ్మాయి తల్లిదండ్రులుగా వీళ్లనూ రమ్మన్నారు. బతుకంతా మస్కట్ ఎండకు ధారపోసి నిరుడే ఇల్లు చేరిన భూమేశ్వర్‌కు, కాపురం గురించి ఇంకొకరు చెప్పడమంటే ఒళ్లు మండింది.

పెర్కిట్‌లో చర్చి పక్క గది. మాట్లాడించే పెద్దమనిషి ఎస్తేరమ్మ, కాబోయే అల్లుడు గజేందర్‌ను అడిగింది.

"కోపమొస్తే ఏం చేస్తవు బిడ్డా?"

"మాకు కొట్లాటలే ఉండయమ్మా. పెండ్లయినంక దుబాయ్ పోతున్న గద. మామ లెక్కనే ఉంట. మామ ఇన్నేండ్లల్ల అత్తను ఒక్క మాట అన్లేదంట."

భూమేశ్వర్ చెయ్యి మీసం మీదికి పోయింది.

"అట్లయితే నాకీ పెండ్లి వద్దు," అంది కూతురు రోజారాణి.

"ఏమన్నవే?" భూమేశ్వర్ దిగ్గున లేచాడు. "మనింట్ల ఎన్నడన్న లొల్లి అయిందా?"

"ఎట్లయితది నాయినా? నువ్వు సెలవుల మీద వస్తున్నవంటే అమ్మ ముందే నేర్పేది. నాయిన ఉన్నన్ని దినాలు ఎవ్వరు ఏడ్వద్దు, ఏమి చెప్పద్దని. నేను డెంగీతోని దవాఖానల పడ్డప్పుడు, నేను పెద్దమ్మ ఇంటికి పోయిన్నని చెప్పింది నీకు. అమ్మకు గర్భసంచి తీసేసిన్రు, తెల్సా నీకు? నువ్వు మాకు చుట్టానివి నాయినా. చుట్టంతోని ఎవలు కొట్లాడుతరు?"

"ఊకె అంటది పోరి." శోభారాణి గబగబా అడ్డం వచ్చింది. "నువ్వు ఫికర్ చెయ్యకు. అంత మంచిదే."

ఏళ్ల తరబడి ఫోన్లో విన్న మాట అదే. ఆ మాట నమ్ముకునే అతను అక్కడ కంటి నిండా నిద్రపోయాడు. భూమేశ్వర్ కుర్చీలో కూలబడ్డాడు.

గజేందర్ ఆమె వైపు తిరిగాడు. "నాకు చుట్టం కావద్దు రోజా. జరమొస్తే జరమొచ్చిందని చెప్పు. కోపమొస్తే ఫోన్లనే తిట్టు."

"నువ్వు ఫోన్ పెట్టేస్తే?"

"మల్ల నేనే చేసి తిట్టిచ్చుకుంట."

రోజారాణి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. పిల్లలిద్దరినీ ఎస్తేరమ్మ దగ్గరే వదిలి, మొగుడూ పెళ్లాలు ఆటో ఎక్కారు.

"నా మీద కోపముందా నీకు?"

"ఏం లేదు."

"నిజం చెప్పు శోభా."

ఆమె రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి అతని వైపు తిరిగింది.

"అంత మంచేనా అని నువ్వే అడుగుతుంటివి. మంచిదే అని నువ్వే అంటుంటివి. ఫోన్ పెట్టేస్తుంటివి! నన్నెన్నడు చెప్పనిచ్చినవు? ఆపరేషన్ నాడు మా తమ్ముడు పెట్టిండు సంతకం. మొగడున్నదాన్ని, ఎట్లుంటది నాకు?"

ఆమె గొంతు అంత పెద్దదని అతనికి తెలియదు. ఆటోవాడు అద్దంలోంచి చూశాడు. భూమేశ్వర్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అయినా ఇంటికి వచ్చిన ఏడాదికి, ఇవాళే ఇల్లు చేరినట్టు ఉంది ప్రాణానికి.

ఆటో వాళ్ల గల్లీ ముందు ఆగింది.

"ముందుకు పోనియ్ తమ్మీ. ఆలూర్ రోడ్డు పట్టు."

"ఎందాంక అన్నా?"

"మా ఇంటిది తిట్టుడు ఒడిసేదాంక."