సూది పెన్నులు మింగే గది

ఆ వృద్ధాశ్రమంలో మందుల గదికి మంచి పేరు లేదు. పొడుగాటి వరండా చివర, మలుపు తిరిగాక ఉంటుంది. పగలు అందరూ వెళ్లొచ్చేదే. దీపాలు తగ్గించాక మాత్రం... ఆయా కూడా అటువైపు తల తిప్పేది కాదట.

కారణం ఉంది. షుగరు పరీక్షకు వేలు గుచ్చే పెన్ను ఒకటి ఆ గది సొరుగులో ఉండేది. రాత్రి పెడితే తెల్లారేసరికి మాయం. కొత్తది తెచ్చారు — అదీ మాయం. నెల తిరక్కుండా మూడు పోయాయి.

“మాత్రలు ముట్టదు, టానిక్కులు ముట్టదు,” అని ఆయా గొంతు తగ్గించి చెప్పేది. “రక్తం అంటుకున్నదే కావాలి దానికి... అర్థమైందా, సిస్టరమ్మా?”

సిస్టరమ్మ అంటే కొత్తగా చేరిన నైట్ నర్సు. ధైర్యస్థురాలని ఇంట్లో పేరు. ఆ పేరు బల్లిని చీపురుతో తోలినందుకు వచ్చింది గానీ, దెయ్యాల విషయంలో ఎవరూ పరీక్ష పెట్టలేదు.

పైగా ఇంకో భయం. ఆశ్రమంలో ఒకప్పటి డ్రైవరు ఒకాయనకు కళ్లు పచ్చబడ్డాయి. మూడు నెలలు పోయాక టైలరు తాతకీ అంతే. ఇద్దరికీ షుగరుంది. రక్తం నుంచి రక్తానికి అంటుకునే కామెర్లు, ఎక్కణ్ణుంచి వచ్చాయో అంతుపట్టడం లేదు అన్నాడు డాక్టరు. ఆయా మాత్రం మందుల గది వైపు వేలు చూపించింది.

నాలుగో పెన్ను చేతికిస్తూ మేనేజరు ఒకటే మాట అన్నాడు. “ఇదీ పోయిందంటే మీరు వేరే ఉద్యోగం చూసుకోండి.”

ఆ రాత్రి అందరి పరీక్షలూ అయ్యాక నర్సు పెన్నును సొరుగులో పెట్టి, దీపం ఆర్పి, బీరువా పక్కన నక్కి కూర్చుంది.

పన్నెండయింది. ఒంటిగంటయింది...

సర్... సర్... వరండాలో ఏదో ఈడ్చుకుంటూ వస్తోంది. తలుపు ముందు ఆగింది. గడియ దానంతటదే కదిలినట్టు, నెమ్మదిగా — కిర్రుమంది.

తెల్లటి ఆకారం. తల మీంచి కాళ్లదాకా తెలుపే. చేతులు ఇంకా తెల్లగా, నున్నగా... వాటికి గోళ్లు లేవు!

నర్సుకు దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క పేరూ గుర్తురాలేదు.

ఆకారం సొరుగు లాగింది. పెన్ను తీసి కళ్ల దగ్గర పెట్టుకుంది. “దొరికావా... ఎంతమంది రక్తం తాగావే నువ్వు...”

నర్సు వెనక్కి జరిగింది. మోచెయ్యి తగిలి ట్రే ఢామ్మని కింద పడింది.

“అబ్బా, మెల్లగా!” అంది దెయ్యం. “మేనేజరు లేస్తాడు!”

నర్సు టార్చి వేసింది. ఏడో గది పెద్దమ్మ! ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి. తల మీంచి తెల్ల శాలువా, చేతులకు గ్లవ్స్.

“పెద్దమ్మా... మీరా?”

“నేనే. ముందు కూర్చో, కాళ్లు వణుకుతున్నాయి. నావి కాదు, నీవి.”

“ఇదెందుకు తీస్తున్నారు? మనిషి మనిషికీ సూది మారుస్తూనే ఉన్నాను కదా!”

“సూది మారుస్తావు. మూతి మారుస్తావా?”

పెద్దమ్మ పెన్ను మూతిని టార్చి వెలుగులోకి తిప్పింది. అంచు వెంట తల వెంట్రుకంత సన్నగా, తుప్పు రంగు గీత.

“ఈ మూతి రోజూ పదకొండు మంది వేళ్లకు ఆనుతోంది. కంటికి కనబడనంత రక్తం చాలు, ఒకరి జబ్బు ఇంకొకరికి పోవడానికి. డ్రైవరు జబ్బు టైలరు దగ్గరికి ఎట్లా నడిచెళ్లిందనుకున్నావు?”

“మరి మేనేజరుగారికి...”

“చెప్పాను. విశ్రాంతి తీసుకోండి అన్నాడు. అది పగలు తీసుకుంటున్నాను.”

“ఆ మూడు పెన్నులూ?”

“అదిగో, వాడిన సూదులు పారేసే డబ్బాలో. దాంట్లో పడితే ఇక తియ్యడానికుండదు.”

అప్పుడు పుట్టింది నర్సుకు అసలు వణుకు. దెయ్యానికి కాదు. ఆ పెన్నును మంచం మంచానికీ మోసింది తన చేతులే. ఉద్యోగం గుర్తొచ్చింది... అయినా నాలుగో పెన్ను అందుకుని, తనే డబ్బాలో పడేసింది.

పొద్దున్నే మేనేజరు అడిగాడు. “పెన్నేదీ?”

“దెయ్యం తీసుకుంది సార్. నాతో మాట్లాడింది కూడా.”

మేనేజరు కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. “ఏం... ఏం కావాలట?”

“ఒక్కసారి వాడి పారేసే సూదులు. ఎవరి పేరు రాసిన షుగరు మీటరు వాళ్లకే. గ్లవ్స్ నాలుగు పెట్టెలు. లేదంటే రేపట్నుంచి మీ ఆఫీసు గదికి మారిపోతానంది.”

మధ్యాహ్నానికల్లా అన్నీ వచ్చాయట!

డాక్టరుకు మాత్రం నర్సు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ఆ రోజే అందరికీ రక్త పరీక్షలు చేయించాడు, కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయించాడు. ఇంకెవరికీ అంటుకోలేదు. టీకాలు వేశారు. టైలరు తాత కోలుకుని అందరి బొత్తాలూ కుట్టిపెడుతున్నాడు.

కొత్త సామాను వచ్చిన మర్నాడు తెల్లవారుజామున నర్సు హుషారుగా ఏడో గదికి వెళ్లింది. “పెద్దమ్మా, వేలివ్వండి.”

పెద్దమ్మ చెయ్యి దుప్పటిలోకి లాక్కుంది.

“పక్క గదిలోంచి తిన్నగా ఇటే వచ్చావు. చేతులెప్పుడు కడుక్కున్నావ్?”

నర్సు నాలిక కరుచుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది.