మామగారు వెనక సీట్లోకి మారిన రోజు

మా ఆయన మంకోబ మెసేజ్ వచ్చేసరికి నా రెండు చేతులూ మొక్కజొన్న పిండిలో ఉన్నాయి. మోచేత్తో ఫోన్ తిప్పి చూశాను.

"సెలవు దొరికింది. శుక్రవారం బయల్దేరుతున్నాం. సముద్రం!"

పెళ్ళయిన మూడు నెలలకు మా ఇద్దరికీ దొరికిన మొదటి నాలుగు రోజులు అవి. మాన్జినీలో అత్తవారింట్లో ఉన్న కొత్త కోడలు గంతులు వెయ్యకూడదు, తలగుడ్డ జారిపోతుంది. అందుకని నోటితో గంతేశాను. పక్కనే వేరుశనగలు వలుస్తున్న అత్తగారికి చెప్పేశాను.

"సముద్రమా?" ఆవిడ చేతిలో కాయ జారిపోయింది. "అరవై రెండేళ్ళొచ్చాయి. కేలండర్లో తప్ప చూడలేదు."

సాయంత్రం మంకోబ పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి ఆవిడ బుట్ట సర్దడం కూడా మొదలుపెట్టేసింది.

"హనీమూన్‌కి మాకే వస్తోందా?" అని నా చెవిలో గొణిగాడు. వాళ్ళమ్మను మాకే అంటాం.

"బాబే కూడా. మీ నాన్నగారి టీ ఇంకెవరు కలుపుతారు?"

"నీకు రహస్యం చెప్పడమూ ఒకటే, రేడియోలో చెప్పించడమూ ఒకటే!"

శుక్రవారం పొద్దున్నే కారెక్కాం. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకు కాళ్ళు ముందు సీట్లో తప్ప చాపుకోవడానికి కుదరదు. కొత్త కోడలు మామగారి పక్కన కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా అత్తగారి ద్వారానే. అందుకని డ్రైవింగ్ సీట్లో మా ఆయన, ఆయన పక్కన వాళ్ళ నాన్న, వెనక అత్తగారూ నేనూ, మా మధ్యన బుట్ట. ఉడికించిన కోడి వాసనతో హనీమూన్ మొదలైంది.

ఒక్క అద్దం మాత్రం మాది. మంకోబ దాన్ని కాస్త పక్కకు తిప్పుకున్నాడు. చెరకు తోటల దగ్గర కళ్ళజోడు వెనక నుంచి కనుబొమ్మ ఎగరేశాడు. నేను శాలువా సర్దుకున్నాను. జింకలు రోడ్డు దాటుతుంటే కారు ఆపి, అద్దంలో నన్నే చూస్తూ కూర్చున్నాడు.

"జింకలు వెళ్ళిపోయాయి మంకోబా," అన్నారు మామగారు.

"చూశాను బాబే."

"చూడలేదు. రోడ్డు ముందుంది. వెనక ఉన్నది నీ పెళ్ళాం."

అత్తగారు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నా ముఖం తలగుడ్డ కన్నా ఎర్రబడింది.

లుబోంబో కొండలెక్కి, సరిహద్దు దాటి, నమాషాలో ఆగాం. మొజాంబిక్ గాలి చల్లగా ఉంది. అత్తగారు వేడి రొట్టెలు కొనడానికి వెళ్ళింది. మామగారు కాళ్ళు సాగదీస్తూ పచార్లు చేస్తున్నారు. మంకోబ ముఖం కడుక్కుంటూ కళ్ళజోడు నా చేతికిచ్చాడు. దాన్ని వెనక సీటు మీద పెట్టి ముఖం తుడుచుకోవడానికి తువ్వాలు అందించాను. తువ్వాలు మాటున చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క నిమిషం. కొండ మీద మబ్బు కదలడం కూడా ఆగినట్టనిపించింది.

అప్పుడే అత్తగారు రొట్టెలతో వచ్చి కారెక్కి కూర్చుంది.

టప్‌మని చప్పుడైంది.

"ఏమిటది?" అంది ఆవిడ, లేవకుండానే.

కళ్ళజోడు రెండు ముక్కలైంది. ఒక అద్దం పొడి పొడి. తప్పు సగం నాది. మిగతా సగం బరువు అత్తగారిది.

"పాతది ఉందిగా?" అని మంకోబనడిగాను.

"ఇంట్లో టీవీ మీద మర్చిపోయాను." కారు ముందు వైపు తడుముతూ నిలబడ్డాడు. "ఇది మన కారేనా?"

మామగారు కర్ర నేలకు తాటించారు. "జోడు లేకుండా వీడు నడపలేడు. నాకు సైకిలు తప్ప రాదు. కారు ఇక్కడే వదిలేసి బస్సులో ఇంటికి పోదాం."

అత్తగారు రొట్టెల సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మూతి మడుస్తూ కూర్చుంది. ఆ కేలండర్ సముద్రం గుర్తొచ్చింది. మా నాలుగు రోజులూ గుర్తొచ్చాయి.

"మాకే," అన్నాను నేల చూపులు చూస్తూ. "నాకు కారు నడపడం వచ్చని బాబేతో చెప్పరూ?"

ఆవిడ ఒక్కసారి నిటారుగా కూర్చుంది. "ఏమండీ, కోడలికి కారు నడపడం వచ్చట."

"ఎక్కడ నేర్చుకుందో కనుక్కో."

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"కాలేజీలో చదివేటప్పుడు మా మేనమామ వ్యాన్ నడిపేదాన్ని. పదిహేనుమంది ఎక్కేవాళ్ళు."

"పదిహేనుమందిని మోసిందట. పైన కోళ్ళు కూడా ఉండేవేమో."

"కోళ్ళ మాట ఆమె అనలేదు. నాకు పాడైంది మోకాళ్ళు, చెవులు కాదు." మామగారు మూడడుగుల దూరంలో ఉన్నారు. "సరే, నడుపుతుంది. మరి నేనెక్కడ కూర్చోవాలి?"

అసలు చిక్కు అదే. ముందు సీట్లో కూర్చుంటే కోడలి పక్కన కూర్చున్నట్టే.

"వెనక," అంది అత్తగారు. "నా పక్కన."

"వెనకా?" ముప్ఫై ఏళ్ళు బడినంతా ముందు నిలబడి నడిపించిన మనిషి. "మోకాళ్ళు?"

"బుట్ట వాడి ఒళ్ళో పెడదాం. మీరు కాళ్ళు అడ్డంగా చాపుకోండి."

ఆయన కొండ వైపు చూశారు, బస్టాండు వైపు చూశారు, చివరికి పెళ్ళాం వైపు చూశారు. తర్వాత కర్ర లోపల పెట్టి, వంగి, వెనక సీట్లోకి ఎక్కారు.

కారు స్టార్ట్ చేశాను. కొండ దిగుతుంటే మైదానమంతా ఆకుపచ్చగా పరుచుకుంది. రోడ్డు పక్కన బొగ్గు బస్తాలు, చెట్ల కింద జీడిపప్పు అమ్మేవాళ్ళు. పాపం మంకోబకు ఇవేవీ కనిపించవు. కోడిబుట్ట కౌగిలించుకుని కూర్చున్నాడు.

"ఏమైనా కనిపిస్తోందా?" అని మెల్లగా అడిగాను.

"జానెడు దూరం దాటితే అంతా పొగే." ముఖం నా దగ్గరగా తెచ్చాడు. "ఈ దూరంలో నువ్వొక్కదానివే స్పష్టంగా ఉన్నావు. నాకు చాలు."

"రోడ్డు ముందుంది," అన్నాను మామగారి గొంతుతో.

వెనక మామగారు విన్నారేమోనని అద్దం సరిచేసుకుని చూశాను. అత్తగారు మామగారి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఆయన ఆవిడ శాలువా అంచు పట్టుకుని, గాలి తగలకుండా కిటికీ వైపు కప్పుతున్నారు. నా చూపు తగలగానే బయటకు చూశారు. అద్దం మళ్ళీ పక్కకు తిప్పేశాను.

మపూటో దగ్గర నీళ్ళు మెరిశాయి. అత్తగారు ఉలిక్కిపడి లేచింది. "అదేనా?"

"అది అఖాతం మాకే," అన్నాను. " అసలు సముద్రం రేపు."

సాయంత్రం గెస్ట్ హౌస్ వంటగదిలో ఉప్పు కోసం బుట్ట అడుగున వెతికాను. వేరుశనగల కింద గుడ్డలో చుట్టిన గట్టిదేదో తగిలింది. విప్పితే మంకోబ పాత కళ్ళజోడు.

"టీవీ మీద మర్చిపోతాడని నేనే పెట్టాను," అంది అత్తగారు టొమాటోలు కోస్తూ.

"మరి నమాషాలో చెప్పలేదేం?"

"మొదట గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఆయన వెనక ఎక్కి కూర్చున్నారు." కత్తి ఆపింది. "నలభై ఏళ్ళయింది. ఏ బండెక్కినా ఆయన ముందు, నేను వెనక. ఆయన బట్టతల తప్ప దారిలో నేను చూసిందేమీ లేదు. లోపల పెట్టెయ్యి."

పెట్టేశాను. పైన గుప్పెడు వేరుశనగలు కూడా సర్దాను.

గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. మామగారు. మోకాళ్ళ మీద కూర్చుని తల వంచుకున్నాను. ఆయన నా పక్కనున్న గోడనే చూస్తున్నారు.

"లాషోంగ్వే," అన్నారు. మా పుట్టింటి పేరుతో, నేరుగా నన్నే, మొదటిసారి. "రేపు ఆరింటికల్లా బయల్దేరాలి. పెద్ద వంతెన దాటి సముద్రం ఒడ్డుదాకా నువ్వే నడపాలి."

అత్తగారు గొంతు సవరించుకుంది. "వాడికి కళ్ళజోడు..."

"కళ్ళజోళ్ళ దుకాణం పదింటికి గానీ తెరవరట. దాని కోసం ఆగేది లేదు. వాడు బుట్ట పట్టుకుంటాడు. మనిద్దరం వెనక." రెండడుగులు వేసి ఆగారు. "సముద్రం కనిపించగానే ఒకసారి హారన్ కొట్టమ్మా. మీ అత్త నిద్రపోతుంటే నేను లేపుతాను."